అమీర్‌పేట మేడ మీద ధ్యానం: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద పన్నెండేళ్లుగా ధ్యానం, ప్రాణాయామం నేర్పుతున్నాను. ఎంతో ఆశగా వచ్చి వారం తిరక్కుండా మానేసినవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాళ్లను ఆపేసినవి చాలావరకు ఈ అపోహలే.

అపోహ: ధ్యానమంటే ఆలోచనలు ఆగిపోవాలి.

వాస్తవం: ఆగవు. ఒక బ్యాంకు ఉద్యోగిని మూడో రోజే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఒక్క నిమిషం కుదురుగా లేనండీ. గ్యాస్ బుక్ చేశానా, బాబు ఫీజు కట్టానా, ఇదే గోల" అంది. "గోలలో పడ్డానని ఎన్నిసార్లు తెలిసిందమ్మా?" అని అడిగాను. "పది పదిహేనుసార్లు." "తెలిసినప్పుడు ఏం చేశారు?" "మళ్లీ ఊపిరి మీదికి వచ్చాను." ధ్యానమంటే అదే, ఆమె పది పదిహేనుసార్లు చేసింది. గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం కూడా మనసు ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమంటుంది. పోతుందని తెలిసే అలా చెప్పారు.

అపోహ: చుట్టూ నిశ్శబ్దంగా ఉంటేనే మనసు నిలుస్తుంది.

వాస్తవం: మా క్లాసు జరుగుతుంటే కింద బోరు మోటారు, పక్కింట్లో కుక్కర్ విజిల్, సందులో "పాత ఇనప సామాన్లు కొంటాం" అని మైకు. మొదట్లో నేనూ విసుక్కునేదాన్ని. గమనించగా తెలిసింది, చప్పుడు చెవిన పడటం ఒకటి, "వీడు ఇప్పుడే రావాలా" అని మనసు గొణగడం ఇంకొకటి. గొణుగుడు మొదలవగానే దవడ బిగుస్తుంది, భుజాలు పైకి లేస్తాయి. ఆ బిగువు వదిలేయండి. మైకు మోగుతూనే ఉంటుంది, గొణుగుడు మాత్రం పలచబడుతుంది. అలాగని అర్ధరాత్రి డీజేని కూడా భరించమని నేను చెప్పను. నిద్ర చెడితే ఆరోగ్యం చెడుతుంది, ఫిర్యాదు చేయాల్సిందే.

అపోహ: రోజూ గంట కూర్చోవాలి, అంత టైమ్ ఎక్కడిది?

వాస్తవం: ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. సెకనుకో అంకె చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే అది నిమిషానికి ఆరుకు దిగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి, కళ్లు తెరిచే చేయొచ్చు. బలవంతంగా బిగబట్టకండి. బండి నడిపేటప్పుడు మాత్రం ధ్యాసంతా రోడ్డు మీదే ఉండాలి.

అపోహ: ఊరు వదిలి శిబిరానికి వెళ్తేనే ప్రశాంతత.

వాస్తవం: నాగార్జునసాగర్ రోడ్డులో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలున్నాయి. వీలుంటే తప్పక వెళ్లండి. అయితే తిరుగు దారిలో ఎల్‌బీ నగర్ ట్రాఫిక్ అలాగే ఉంటుంది, రోజూ ఇంట్లో కూర్చోక తప్పదు.

అపోహ: ధ్యానం మొదలుపెడితే మందులు మానేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. డిప్రెషన్‌కో, పానిక్‌కో మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించొద్దు. కళ్లు మూసుకుంటే కొందరికి గుండెదడ పెరుగుతుంది, పాత భయాలు పైకొస్తాయి. అప్పుడు కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, ఆ రోజుకు ఆపేయండి, మీ టీచరుకు చెప్పండి. ఎవరితోనూ చెప్పుకోలేనంత బరువుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం, టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.