అక్షరాలన్నీ వచ్చాకే చదువా? చిన్న తరగతుల చదువు గురించి అపోహలు - వాస్తవాలు

ప్రతి జూన్‌లో ఒకటో తరగతి గదుల్లో ఒకే దృశ్యం. బోర్డు మీద అ, ఆ, ఇ, ఈ. పిల్లలు గొంతు చించుకుని చెప్తుంటారు, పలకల మీద దిద్దుతుంటారు. డిసెంబరు వచ్చినా చాలామంది చిన్న వాక్యం కూడా చదవలేరు. టీచర్ల కష్టంలో లోపం లేదు. చదువు ఏ వరసలో వస్తుందన్న నమ్మకంలోనే చిక్కుంది. వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్ బడుల్లో తరచూ వినిపించే మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: 56 అక్షరాలు, గుణింతాలు, వత్తులు అయిపోయాకే పుస్తకం పట్టించాలి.

వాస్తవం: ఐదు అక్షరాలు, ఒక దీర్ఘంతో చదవడం మొదలుపెట్టొచ్చు. త, ల, క, మ, ట తీసుకోండి. దీర్ఘం కలిపితే తల, కల, తాత, మామ, కాక, మాట, టమాట వస్తాయి. అన్నీ పిల్లల నోట్లో ఉన్న మాటలే. రెండు వారాల్లో 'తాత మాట', 'మామ కల' అని చదివేస్తారు. తర్వాత ర, గుడి, కొమ్ము కలిపితే కాకి, కారు, కాలు, మాటలు. ఇలా వారానికి రెండు మూడు గుర్తుల చొప్పున పెంచుకుంటూ పోవాలి. వర్ణమాల వరసలో వెళ్తే ఋ, ౠ, ఙ, ఞ లాంటివి ముందే తగులుతాయి. వాటితో ఆరేళ్ల పిల్లకు తెలిసిన మాట దొరకడం కష్టం, కాబట్టి అవి ఆగొచ్చు.

అక్షరాలను గుంపులు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రూపం దగ్గరగా ఉన్నవి ఒకే వారంలో పెట్టకూడదు. మ-య, ప-వ-ష, ద-ధ-థ, బ-భ, ఎ-ఏ అలాంటివి. 'మ', 'వు' కూడా పిల్లల కంటికి ఒక్కలాగే ఉంటాయి. మొదటిది గట్టిపడ్డాక, కనీసం రెండు వారాల తర్వాత రెండోది తేవాలి. రెండూ కలిపి నేర్పితే కలిగే గందరగోళం మూడో తరగతి దాకా వెంటాడుతుంది.

అపోహ: గుణింతం గడగడా అప్పజెప్తే చదువొచ్చినట్టే.

వాస్తవం: 'కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా' అన్నది పాటలా నోటికి వస్తుంది, కంటికి రాదు. పరీక్షించడం తేలిక. కే, మొ, టూ, లి, తౌ అంటూ పది కార్డులు కలగాపులగంగా పరిచి ఒక్కొక్కటే చూపండి. పెదాలు కదిలిస్తూ 'క, కా, కి, కీ' అని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ పిల్లకు వరస వచ్చింది, గుర్తు రాలేదు. మన లిపిలో ఇలాంటి రూపాలు 400 దాటతాయి. అన్నిటినీ బట్టీ పట్టించడం అయ్యే పని కాదు, అక్కర కూడా లేదు. ఒక్క 'ి' గుర్తును ఐదు హల్లులతో మాటల్లో చదివిస్తే ఆరో హల్లుకు తామే పెట్టుకుంటారు. రోజుకో గుణింతం కంటే వారానికో గుర్తు మేలు.

అపోహ: వత్తులు కష్టం, రెండో తరగతి దాకా ముట్టుకోవద్దు.

వాస్తవం: అమ్మ, అక్క, నాన్న, బువ్వ, కుక్క, బర్రె, గొర్రె, మక్క. బడికొచ్చే పిల్లల నోట్లో ఉన్నవన్నీ వత్తుల మాటలే. వాటిని పక్కనపెట్టి 'ఈల, ఊడ, ఓడ' చదివిస్తే, పుస్తకంలో ఉండేది తమ భాష కాదనుకుంటారు. కొన్ని మాటలను మొదటి రోజు నుంచే బొమ్మలతో గోడ మీద పెట్టండి, మాట మొత్తంగా గుర్తుపడతారు. విడదీసి నేర్పేటప్పుడు మాత్రం తలకట్టు తీసేస్తే వత్తయ్యే అక్షరాలు ముందు: కప్ప, గద్ద, బిడ్డ, పచ్చ. త, న, మ, య, ర, ల లాంటి వాటికి వత్తు రూపం అక్షరాన్ని పోలి ఉండదు. వీటిని చివర్లో, ఒక్కోదానికీ నాలుగైదు మాటలు చూపించి నేర్పాలి. పిల్ల 'అమ్మ'ను 'అమ' అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేయొద్దు. వినపడ్డ శబ్దాన్ని గుర్తుగా మార్చే పని సగం చేసేసింది. 'అమ్‌-మ' అని మెల్లగా పలికించి, 'మ' ఎన్నిసార్లు వినపడిందో అడిగితే మిగతా సగం తానే దిద్దుకుంటుంది.

అపోహ: టీచరు కథ చదివి వినిపిస్తే సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: రోజుకు 15 నిమిషాలు చాలు, ఆ సమయం చదువులోదే. కథ వింటేనే పిల్లలకు పుస్తక భాష చెవిన పడుతుంది. 'అనగనగా', 'అయినప్పటికీ', 'అంతలోనే' ఇంటి మాటల్లో తక్కువ, పుస్తకాల్లో ఎక్కువ. చెవికి తెలియని మాటను కూడబలుక్కుని చదివినా అర్థం తట్టదు.

వారమంతా ఒకే పుస్తకం ఉండాలి. ముందు మీరు రెండుసార్లు చదువుకోండి. సోమవారం అట్ట చూపించి ఏం జరుగుతుందో ఊహించమనండి, తర్వాత రెండు మూడు చోట్ల మాత్రమే ఆగుతూ చదవండి. మంగళవారం మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాన్ని పిల్లలు అందుకుంటారు. బుధవారం ప్రతి మాట కింద వేలు జరుపుతూ చదవండి, చదువు ఎడమ నుంచి కుడికి సాగుతుందని, మాటకూ మాటకూ మధ్య జాగా ఉంటుందని అప్పుడే తెలుస్తుంది. గురువారం ఆ కథలోని ఒక వాక్యాన్ని అట్టముక్క మీద రాసి, మాటలుగా కత్తిరించి, కలిపి పెట్టించండి. శుక్రవారం కథను వాళ్లే ఆడి చూపిస్తారు. వెనక వరస వాళ్లకు బొమ్మ కనపడకపోతే చార్టు కాగితాల మీద ఎనిమిది పేజీల పెద్ద పుస్తకం చేసుకోండి.

దీన్ని చెడగొట్టేవి మూడు: పుస్తకాన్ని తమవైపు తిప్పుకుని చదవడం, ప్రతి మాటకూ అర్థం చెప్పడం, చివర్లో 'ఇందులో నీతేంటి?' అని అడగడం. మూడోదే అన్నిటికన్నా చెడ్డది. నీతి ప్రశ్న కోసం వినే పిల్లలు కథ వినరు.

అపోహ: చిన్నపిల్లలకు పుస్తకాలిస్తే చింపేస్తారు, బీరువాలో ఉంచడమే క్షేమం.

వాస్తవం: చిరుగుతాయి. చిరిగాయంటే పిల్లలు ముట్టుకున్నారని అర్థం. 1904లోనే జనం పూనుకుని హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న నేల ఇది. అదే ఊళ్ల బడుల్లో కథల పుస్తకాలు తాళం వెనక ఉండటం మాకు బాధగా ఉంటుంది. తాళం వేసేవాళ్ల భయం పుస్తకం గురించి కాదు, స్టాక్ రిజిస్టర్ గురించి. చిరిగినవీ పోయినవీ ఏడాదికోసారి బడి కమిటీ ముందు పెట్టి తీర్మానం రాయించుకుంటే ఆ భయం తగ్గుతుంది.

నలభై మంది పిల్లలున్న బడికి 120 పుస్తకాలు మొదటికి చాలు. గోడకు మూడడుగుల ఎత్తులో నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అట్ట బయటికి కనపడేలా వేలాడదీయండి. అరలో వెన్ను మాత్రమే కనపడే పుస్తకాన్ని చదవడం రాని పిల్ల ఎంచుకోలేదు. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న వాటికి ఒక రంగు చుక్క, అంతకన్నా ఎక్కువున్న వాటికి ఇంకో రంగు పెట్టండి. చుక్క చూసి పిల్లలను ఆపొద్దు, అది మీ గుర్తు కోసమే. రిజిస్టర్ రాసే పని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు వంతులవారీగా అప్పజెప్పండి. వానాకాలంలో పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి. వాటిని పీకి, మడత మీద మూడు రంధ్రాలు చేసి లావు దారంతో కుట్టాలి. చిరుగులకు పారదర్శకమైన టేపే వాడాలి, గోధుమరంగు టేపు అక్షరాలను మింగేస్తుంది. కొత్తవి కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, ముద్రించుకోవచ్చు కూడా.

అపోహ: తండా, గూడెం పిల్లలకు ఇంటి భాష అడ్డం.

వాస్తవం: మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు గూడేల్లో కోయ, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండి, కొలామి. ఆ పిల్లలు భాషలేని పిల్లలు కారు, ఇంకో భాష వచ్చినవాళ్లు. మొదటి నెల బొమ్మలు చూపించి వాళ్ల భాషలోనే మాట్లాడించండి. 'యాడి - అమ్మ', 'పాణి - నీళ్లు' అని రెండు మాటలూ తెలుగు లిపిలోనే పక్కపక్కన రాయండి. టీచరుకు ఆ భాష రాకపోతే పెద్ద తరగతి పిల్లలు చెప్తారు.

ఇదే మాట మన యాసకూ వర్తిస్తుంది. పుస్తకంలో 'వెళ్లాడు' అని ఉంటే పిల్లవాడు 'పోయిండు' అని చదివాడనుకోండి. అది తప్పు కాదు, అర్థం పట్టుకున్నాడనడానికి రుజువు. వాక్యం పూర్తిచేయనిచ్చి, తర్వాత ఆ మాట కింద వేలు పెట్టి 'ఇక్కడ ఏ అక్షరంతో మొదలైంది?' అని అడగండి. 'వేలాడు' అని చదివి ముందుకు పోయినవాడి గురించే ఎక్కువ పట్టించుకోవాలి. అక్షరాలకు దగ్గరగానే పలికాడు, అర్థం మాత్రం చూసుకోలేదు.

అపోహ: అమ్మానాన్నలకు చదువు రాదు, ఇంట్లో ఏం చేయలేం.

వాస్తవం: ఇంట్లో కావలసింది వినే మనిషి. రాత్రి పది నిమిషాలు పక్కన కూర్చుని 'ఇందులో ఎవరెవరున్నరు? తర్వాత ఏమైంది?' అని అడగడానికి అక్షరం ముక్క రానక్కర్లేదు. పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లలు ఎక్కువ. అప్పుడైనా పుస్తకాలు ఇంటికి పోవాలి.

అపోహ: ఇంగ్లిష్ మీడియం వచ్చింది, తెలుగు చదవడం వెనక్కి పోయినా పర్లేదు.

వాస్తవం: అర్థమయ్యే భాషలో చదవడం పట్టుబడితే ఆ నేర్పు రెండో భాషకూ వెంట వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు ఉన్నాయి కదా, ముందు తెలుగు పేజీ చదివించి మాట్లాడించండి.

అపోహ: నిమిషానికి ఇన్ని మాటలు చదివితే పాసైనట్టే.

వాస్తవం: 2021లో కేంద్ర ప్రభుత్వం చిన్న తరగతుల చదువు కోసం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతిలో నిమిషానికి 45-60 మాటలు, మూడో తరగతిలో కనీసం 60 మాటలు చదవాలి. 2022లో మొదలైన మన తెలంగాణ కార్యక్రమం తొలిమెట్టు కూడా చదవడం, రాయడం, లెక్కల మీదే. లక్ష్యం ఉండటం మంచిదే. అయితే తెలుగులో 'వెళ్తున్నప్పుడు' ఒక్క మాటే, అందులో ఇంగ్లిష్ మూడు మాటలంత అర్థం ఉంటుంది. గడియారం పట్టుకుంటే పిల్లలు అర్థం వదిలేసి పరుగెత్తుతారు. నెలకోసారి ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, కొత్త పేరా ఇచ్చి, తడబడ్డ మాటలు రాసుకోండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి, ఒకటి పేరాలో జవాబున్నది, ఒకటి ఆలోచించి చెప్పాల్సినది. తడబడిన మాటలన్నిటిలో 'ె', 'ే' ఉన్నాయనుకోండి, వచ్చే వారం పాఠం అదే. తడబాటు లేకున్నా రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ పిల్లకు చదివి వినిపించే సమయం పెంచాలి.