జులు ఆడపిల్లల వేడుకలు: అపోహలు - వాస్తవాలు

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో గైనకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది జులు తెగ ఇళ్లవాళ్లే. వీళ్ల ఆచారాల గురించి మనవాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని వింటే బాధేస్తుంది. ఇక్కడి పెద్దవాళ్లు నమ్మే మాట ఒకటి వింటే ఇంకా బాధేస్తుంది.

అపోహ: ఈడొచ్చిన పిల్లలకు జననాంగాల దగ్గర కోత పెడతారు.

వాస్తవం: జులు సంప్రదాయంలో అది లేదు. పైగా దక్షిణాఫ్రికా 2005 బాలల చట్టం దాన్ని నిషేధించింది. చాలామంది విన్నది ఖోసా తెగ మగపిల్లల సున్తీ గురించి.

అపోహ: జులువాళ్ల ‘ఉమేములో’ వేడుక అంటే మన ఓణీల ఫంక్షనే.

వాస్తవం: పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసేది ఉమ్హ్లొన్యానే. అప్పుడు కొద్దిరోజులు విడిగా ఉంచుతారు, ఈడు పిల్లలు తోడుంటారు, పెద్ద ఆడవాళ్లు మంచీచెడూ చెబుతారు. ఉమేములో వేడుక జరిగేది చాలా ఏళ్ల తర్వాత, మామూలుగా ఇరవై ఒకటో ఏడు దగ్గర. బుద్ధిగా పెరిగి, ఇంటి పరువు నిలిపినందుకు కన్నవాళ్లు, ముఖ్యంగా తండ్రి, కూతురికి అందరి ముందూ కృతజ్ఞత చెప్పే రోజు అది.

తండ్రి ఆవును కోయిస్తాడు. దాని పేగుల మీద ఉండే పల్చటి కొవ్వు పొరను చిరగకుండా తీసి, శాలువా కప్పినట్టు అమ్మాయి భుజాల మీద కప్పుతారు. చేతికి బల్లెం ఇస్తారు. ఆమె పాడుతూ, ఆడుతూ వెళ్లి ఒక అతిథి ముందు బల్లెం గుచ్చుతుంది. ఆ అతిథి లేచి డబ్బు ఇవ్వాలి. ఆ నోట్లను ఆమె తలమీద పిన్నులతో గుచ్చుతారు. మేనమామలు, పక్కింటివాళ్లు, స్నేహితులు, ఎవరి ముందైనా ఆగొచ్చు. కూతురికి తండ్రి బాహాటంగా కృతజ్ఞత చెప్పే వేడుక మనకేదీ నాకు తట్టలేదు. ఈ ఒక్కటీ మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాలనిపిస్తుంది.

అపోహ: రెల్లు పండుగలో రాజు పెళ్లాన్ని ఎంచుకుంటాడు.

వాస్తవం: ఆ మాట పక్క దేశం ఎస్వాతిని రాజు గురించి వచ్చింది. జులు పండుగ సెప్టెంబరులో నొంగోమా దగ్గర ఎన్యొకెని రాజభవనంలో జరుగుతుంది. అమ్మాయిలు పొడవాటి రెల్లు కాడలు మోసుకెళ్లి రాజుకు సమర్పిస్తారు. మరుగునపడ్డ ఈ పండుగను మళ్లీ మొదలుపెట్టింది అప్పటి జులు రాజు గుడ్‌విల్ జ్వెలితిని. ఛాతీ కప్పుకోకుండా, పూసలు వేసుకుని రావడం అక్కడి పండుగ వేషం. ఆ ఫొటోలను చెడు వ్యాఖ్యలతో ఫార్వర్డ్ చేసేవాళ్లు దయచేసి ఆపండి. అందులో ఉన్నవాళ్లు చాలామంది స్కూలు పిల్లలు.

అపోహ: ఈ వేడుకల ముందు పెద్దావిడలు పరీక్ష చేసి చూస్తే కన్యో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఏ డాక్టరుకీ తెలియదు, ఏ పెద్దావిడకీ తెలియదు. కన్నెపొర ఆకారం పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కలయిక జరిగినా ఏ గుర్తూ మిగలకపోవచ్చు, జరగకపోయినా అంచులో చీలిక కనిపించొచ్చు. 2018 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి దీన్ని ఆపమన్నాయి. అత్యాచార బాధితులకు చేసే రెండు వేళ్ల పరీక్షను మన సుప్రీంకోర్టు 2022లో తప్పుపట్టిందీ ఇందుకే.

ఇక్కడ 1990ల్లో ఎయిడ్స్ ఇంటింటా చావులు తెస్తుంటే, పిల్లల్ని కాపాడుకోవాలనే తపనతో ఈ పరీక్షను మళ్లీ లేవనెత్తారు. ఆ తల్లుల భయం నాకు అర్థమవుతుంది. కానీ హెచ్ఐవీని పట్టేది రక్తపరీక్ష, ఆపేది కండోమ్, మందులు. కన్యత్వ పరీక్షకు భయపడే పిల్ల తనపై అత్యాచారం జరిగినా నోరు విప్పదు.

ఇక్కడి బాలల చట్టం ప్రకారం 16 ఏళ్ల లోపు పిల్లలకు ఈ పరీక్ష చేయకూడదు. ఆపైన కూడా కౌన్సెలింగ్ ఇచ్చి, పిల్ల ఒప్పుకుంటేనే చేయాలి. ఫలితం ఆమె అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, ఒంటిమీద గుర్తు పెట్టకూడదు. 2016లో ఇక్కడి ఉతుకెలా జిల్లా మునిసిపాలిటీ కన్యలుగా ఉండే అమ్మాయిలకే అంటూ స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది. అది రాజ్యాంగ విరుద్ధమని లింగ సమానత్వ కమిషన్ అదే ఏడాది తేల్చింది.

నన్ను సలహా అడిగే తల్లులకు ఉమేములో వేడుకను ఘనంగా చేయమనే చెబుతాను. పరీక్ష మాత్రం వద్దంటాను.