అపోహలు - వాస్తవాలు: ఉబ్బసానికి (ఆస్తమా) నీలం ఇన్‌హేలర్ ఉండగా రెండోది ఎందుకు?

ఈ మాట మా ఓపీలో వినని వారం లేదు. మొన్న చలికాలం మల్కాపురం నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. మాట మాటకీ ఊపిరి అందుకుంటున్నాడు. జేబులో నీలం ఇన్‌హేలర్, సంచిలో ఖాళీవి మరో మూడు. నెలకి రెండు అయిపోతున్నాయట. ఒక్కోదాంట్లో 200 పఫ్‌లు; అంటే రోజుకి పదమూడు! నేను రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని వాళ్లావిడ సంచి అడుగు నుంచి తీసింది, సీలు కూడా విప్పలేదు. "కిడ్నీలు పాడైపోతాయన్నారండి" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఆ మాట చెప్పినవాళ్ల మీదే నాకు కోపం.

నీలందాంట్లో ఉండేది సాల్బుటమాల్. బిగుసుకున్న ఊపిరి గొట్టం కండరాన్ని అయిదు నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటల్లో దాని పని అయిపోతుంది. లోపలి పొర వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఆ వాపుని తగ్గించేది స్టెరాయిడే. అది కణంలోకి వెళ్లి, అక్కడున్న రిసెప్టర్‌ని (మందు అతుక్కునే చోటు) పట్టుకుని, కేంద్రకంలోకి చేరి, వాపు రసాయనాలు తయారుచేయించే జన్యువుల నోరు నొక్కేస్తుంది. పొరలో గుంపుకట్టి వాపు పెంచే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు పలచబడతాయి. పైగా సాల్బుటమాల్ అతుక్కోవలసిన బీటా రిసెప్టర్లు పెరుగుతాయి, నీలం మందు కూడా మెరుగ్గా పనిచేస్తుంది. ఇదంతా జన్యువుల స్థాయిలో జరిగే పని కాబట్టి రోజులూ వారాలూ పడుతుంది. మొదటి రోజు ఏమీ తెలియలేదని మానేసేది అందుకే! పెద్దవాళ్లు నీలం ఒక్కదానితో నెట్టుకురావద్దని ఉబ్బసంపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ జీనా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి.

ఇక కిడ్నీల సంగతి. పీల్చే స్టెరాయిడ్‌తో కిడ్నీలు పోవు. ఎటాక్ వచ్చి ఆసుపత్రికి వస్తే మేమిచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములు దాకా ఉంటుంది. పీల్చే స్టెరాయిడ్ బ్యుడెసొనైడ్ చాలామందికి రోజుకి 400 మైక్రోగ్రాములు, అందులో వందో వంతు. ఇన్‌హేలర్‌కి భయపడి మానేసినవాళ్లే చివరికి ఆ మాత్రలు మింగుతున్నారు.

పిల్లలు ఎదగరా? ఏళ్ల తరబడి వాడితే పెద్దయ్యాక ఎత్తులో ఓ సెంటీమీటరు తేడా రావచ్చు, అంతే. రాత్రుళ్లు దగ్గుతో నిద్ర లేని పిల్లాడి పక్కన కూర్చున్న తల్లికి ఆ సెంటీమీటరు లెక్క కాదు. అలవాటైపోతుందా? కాదు. పెరుగు, అరటిపండు మానాలా? వాటితో ఎలర్జీ ఉంటేనే. చేప మందు? దానికోసం ఇన్‌హేలర్ ఆపకండి. నోట్లో తెల్లపూత రాకుండా, పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయండి.

నీలం ఇన్‌హేలర్ పీల్చాక కూడా ఒక వాక్యం పూర్తి చేయలేకపోతుంటే, లేదా పెదాలు నీలంగా మారుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెంటనే బయల్దేరండి.