పోలీసుల మీద కేసు: ‘ముందు మన కేసు తేలనీ’ అని ఆగితే నష్టం మీకే

పోలీస్ స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదో రెండేళ్ళో దాటిపోయి ఉంటుంది. ఇంత ఆలస్యం ఎందుకయ్యిందంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "ముందు మన కేసు కొట్టేయించుకుందాం, తర్వాత వాళ్ళ సంగతి చూద్దాం అన్నారు సార్." అన్నది ఊళ్ళో పెద్దమనిషో, స్టేషన్ చుట్టూ తిరిగే మధ్యవర్తో, ఒక్కోసారి మా లాయర్లే. ఈ ఒక్క మాట వల్ల పాడైనన్ని కేసులు ఇంకే కారణం వల్లా పాడవ్వడం నేను చూడలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: మన కేసు నుంచి బయటపడ్డాక పోలీసుల మీద ఎప్పుడైనా దావా వేయొచ్చు.

వాస్తవం: అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు ఏడాది. అది మొదలయ్యేది నిర్బంధం ముగిసిన రోజు నుంచి, కేసు కొట్టేసిన రోజు నుంచి కాదు. నాలుగేళ్ళు వాయిదాలు తిరిగి నిర్దోషిగా బయటికొచ్చినా, ఆ దావాకు గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇక మిగిలేది కక్షతో తప్పుడు కేసు పెట్టారనే దావా. దానికీ ఏడాదే, కాకపోతే నిర్దోషిగా తేలిన నాటి నుంచి లెక్క. అందులో మాత్రం సరైన ఆధారం లేకుండా దురుద్దేశంతోనే కేసు పెట్టారని మనమే రుజువు చేయాలి. సాక్ష్యాలు చాలక కేసు పోయిందని చూపిస్తే సరిపోదు.

కొన్ని పాత పోలీసు చట్టాల్లో మూడు నెలల గడువు కూడా ఉంది, ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మానవ హక్కుల కమిషన్ కూడా ఏడాది దాటిన ఘటనను విచారణకు తీసుకోదు. హైకోర్టులో రిట్‌కు (హక్కులకు భంగం కలిగిందని వేసే పిటిషన్‌కు) ఇన్ని రోజులని రాసి లేదు గానీ, ఇన్నాళ్ళు ఏం చేశారన్న ప్రశ్న తప్పదు.

గడువు ఒక ఎత్తు, సాక్ష్యం ఇంకో ఎత్తు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీని 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండేళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే ఏం దొరుకుతుంది? ఫలానా తేదీ, ఫలానా టైము ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి ఆ వారంలోనే కాగితం పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం రిమాండ్ రోజున జరుగుతుంది. ఒక తాపీ పని కుర్రాడిని రెండు రాత్రులు లోపల ఉంచి కోర్టుకు తెచ్చారు. అరికాళ్ళు వాచి చెప్పులు ఎక్కక, వాటిని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేట్ అడిగితే, వెనక నిలబడ్డ కానిస్టేబుల్ వైపు ఒకసారి చూసి "లేదండి" అన్నాడు. ఆ మాట రికార్డుకెక్కింది. తర్వాత మేం వేసిన ప్రతి కాగితానికీ అదే ఒక్క మాట అడ్డొచ్చింది. జైల్లోకి తీసుకునేటప్పుడు అక్కడి డాక్టరు పాదాల వాపు గురించి రాసిన రెండు ముక్కలే మాకు మిగిలిన ఆధారం. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. మళ్ళీ అదే వ్యానులో, అదే మనుషులతో వెళ్ళాల్సినవాడు అంతకంటే ఏం చెప్పగలడు? కానీ ఇంట్లోవాళ్ళకు ఒక మాట. లాయరుతో అదే రోజు మెమో వేయించండి, పోలీసులను బయటికి పంపి అడగమని మేజిస్ట్రేట్‌ను కోరండి. అరెస్టయిన మనిషికి డాక్టరు పరీక్ష చేయించడం, గాయాలు రాయడం, ఆ రిపోర్టు కాపీ ఇవ్వడం బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 53 ప్రకారం మీ హక్కు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసు మీద క్రిమినల్ కేసు నడవదు" అంటారు. ఆ రక్షణ డ్యూటీలో భాగంగా చేసిన పనికి, అదీ ప్రభుత్వం మాత్రమే తీసేయగల స్థాయి అధికారికి. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప కానిస్టేబుల్‌కు మామూలుగా వర్తించదు. అనుమతి అవసరమైన చోట కూడా 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క.

"ఎస్సైని సస్పెండ్ చేశారుగా, ఇంకేంటి?" సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టడం. వీఆర్‌కి (వేకెన్సీ రిజర్వ్, అంటే పోస్టింగ్ లేకుండా ఉంచడం) పంపడం అంతకంటే కాదు.

"ప్రభుత్వం నుంచి పైసా రాదు." ఒడిశాలో కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహెరాకు 1993లో సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో 50 లక్షలు. అయితే ఆయన మీద కేసు 1994 నాటిది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

వాట్సాప్‌లో తిరిగే "ఈ సెక్షన్ చెప్పి పోలీసును నిలదీయండి" మెసేజీలను దయచేసి నమ్మకండి. ఐపీసీ, సీఆర్‌పీసీ 2024 జూలై 1తోనే పోయాయి, ఆ నంబర్లు చాలావరకు మారిపోయాయి. స్టేషన్‌లో నిలబడి తప్పు సెక్షన్ చదివితే మీ పరిస్థితే ఇబ్బందిగా మారుతుంది.

ఇక "కంప్లైంట్ ఇస్తే ఇంకో కేసు బనాయిస్తారు" అనే భయం. ఇది అపోహ అని కొట్టిపారేయను, అలా జరగడం చూశాను. కానీ మీ ఫిర్యాదు ముందు తేదీతో ఉండి, ఆ తర్వాత కొత్త కేసు పుట్టుకొస్తే, అది కక్ష అని చెప్పడానికి ఆ తేదీయే ఆధారం. ఫిర్యాదే లేకపోతే చూపించడానికి ఏమీ ఉండదు.

ఎస్పీకి రాసేటప్పుడు తిట్లు, ఆవేశం వద్దు. ఏ రోజు, ఏ టైముకి, ఎక్కడినుంచి తీసుకెళ్ళారు, ఎవరు యూనిఫాంలో ఉన్నారు, ఎవరు మఫ్టీలో ఉన్నారు, దేనితో ఎక్కడ కొట్టారు, లోపల ఇంకెవరున్నారు, ఇవి రాయండి. పేరు తెలియకపోతే ఆనవాళ్ళు రాయండి. స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదును, మీ దగ్గరున్న కాపీకి పిన్ చేసి దాచుకోండి.