చెరకు పోయింది, కట్టలు మిగిలాయి

హవాయి దీవుల్లో ఇప్పుడు అధికారులకు నిద్ర పట్టనివ్వని మట్టికట్టల్లో చాలావాటిని కట్టించింది ప్రభుత్వం కాదు, చెరకు కంపెనీలు. కొండ వాగులను కాలువల్లోకి మళ్లించి, నీటిని నిలిపి, తోటలకు పారించుకున్నాయి. కవాయి దీవిలోని కా లోకో కట్ట 1890 నాటిది. ఓవాహూలోని వహియావా ఆనకట్ట 1906లో పూర్తయింది. అప్పట్లో కట్టను చూసుకోవడం కంపెనీకి సొంత పని, ఎందుకంటే ఆ నీళ్ల మీదే పంట ఆధారపడి ఉండేది.

కా లోకో నీటితో పండిన కిలావెయా తోట 1971లో మూతపడింది. వహియావా కింది వయాలువా చక్కెర మిల్లు 1996లో ఆగిపోయింది. చెరకు పోయాక కట్టల మీద ఆదాయం సన్నగిల్లింది. భూములు చేతులు మారాయి, దిగువన ఇళ్లు లేచాయి.

అమెరికాలో ఆనకట్టల తనిఖీ చట్టం 1972లో వచ్చింది. అదే ఏడాది పశ్చిమ వర్జీనియాలో బొగ్గుగని వ్యర్థాల కట్ట తెగి 125 మంది చనిపోయారు. ఆనకట్టలను అక్కడ ముప్పును బట్టి మూడు శ్రేణులుగా విడదీస్తారు. కట్ట తెగితే ప్రాణాలు పోతాయనుకుంటే అధిక ముప్పు. ప్రాణాలకు భయం లేకపోయినా ఆస్తులకు, సదుపాయాలకు దెబ్బ తగిలేలా ఉంటే మధ్య శ్రేణి. నష్టం దాదాపుగా యజమాని భూమితోనే సరిపోతే అల్ప ముప్పు. ఈ లెక్కలో కట్ట గట్టిదా, బలహీనమైనదా అన్న ప్రశ్నే రాదు. దాని స్థితికి వేరే మార్కులుంటాయి. నిన్న కట్టిన పటిష్ఠమైన ఆనకట్ట కూడా అధిక ముప్పు శ్రేణిలో ఉండవచ్చు. అలాగే కట్ట మీద తట్టెడు మట్టి కదలకపోయినా, దిగువన ఇళ్లు వెలిస్తే శ్రేణి మారాలి. ఎవరో ఒకరు వెళ్లి చూస్తేనే అది మారుతుంది.

కా లోకోను ఎవరూ చూడలేదు. అది అల్ప ముప్పు జాబితాలోనే ఉండిపోయింది. 2006లో వారాల తరబడి వానలు కురిసి, మార్చి 14 తెల్లవారుజామున గండి పడింది. ఏడుగురు కొట్టుకుపోయారు. చెరువు నిండితే అదనపు నీరు అలుగు మీదుగా పోవాలి. ఆ దారి లేకపోతే నీరు కట్ట పైనుంచి పొర్లుతుంది, వెనక వాలును కోసుకుంటూ లోపలికి తవ్వుతుంది. మట్టికట్ట దానికి ఎంతోసేపు ఆగదు. కా లోకో అలుగును పూడ్చేసి ఉండవచ్చని స్వతంత్ర విచారణ తేల్చింది. రాష్ట్ర అధికారులు ఆ కట్టను ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదనీ బయటపెట్టింది. యజమానికి 2014లో ఏడు నెలల జైలు శిక్ష పడింది. తనిఖీకి వెళ్లని ప్రభుత్వానికి శిక్ష ఎవరు వేస్తారు?

2007లో రాష్ట్ర చట్టాన్ని బిగించారు. ఇప్పుడు హవాయి ఆనకట్టల్లో అత్యధికం అధిక ముప్పు శ్రేణిలోనే ఉన్నాయి. డోల్ కంపెనీ చేతిలోని వహియావా కూడా అందులోదే. పైగా దాని అలుగు పెద్ద వరదకు చాలదు. లోపాలు సరిచేయలేదని 2021లో రాష్ట్రం 20,000 డాలర్ల జరిమానా వేసింది. మరమ్మతుకయ్యే కోట్ల ముందు అది ఏపాటి? కట్ట తీసేద్దామంటే ఆ నీటి మీద బతికే రైతులు ఇంకా ఉన్నారు. చివరికి ఆనకట్టను రాష్ట్రమే తీసుకోవడానికి 2023లో చట్టం చేశారు. కట్టతోపాటు అలుగు బాగుచేసే ఖర్చూ ప్రజాధనం మీదే పడుతుంది.