బాలింత పొట్టలో ఉన్నది నీళ్లు కాదు

పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక మా చెల్లి బరువు చూసుకుంది. కడుపు రాకముందు 56 కిలోలు ఉండేది. నెలలు నిండేసరికి 68కి వచ్చింది. ఇప్పుడు 61 చూపిస్తోంది. "బిడ్డ బయటికొచ్చేసింది కదా, మరి ఈ 5 కిలోలు ఎక్కడివి?" అని అడిగింది. పొట్ట చూస్తే ఇంకా ఐదో నెలలా ఉంది. చూడ్డానికి వచ్చిన పెద్దావిడ ఒకరు "నీళ్లు ఎక్కువ తాగకమ్మా, పొట్ట అలాగే ఉండిపోతుంది" అన్నారు. ఆ రోజు నుంచి అది దాహం వేసినా గుటకలు లెక్కపెట్టుకుంటూ తాగింది. ఒళ్లో పాలు తాగే బిడ్డ. నాకు చాలా బాధేసింది.

ఆ 5 కిలోలు ఎక్కడివో చూద్దాం. 

నెలలు నిండిన తల్లి 12 కిలోలు పెరిగిందంటే అదంతా కొవ్వు కాదు. బిడ్డ 3 కిలోల పైచిలుకు ఉంటుంది. మాయ 600, 700 గ్రాములు, ఉమ్మనీరు దాదాపు 800 గ్రాములు. మామూలుగా పిడికెడంత ఉండే గర్భసంచి కిలో దాకా పెరుగుతుంది. అదనంగా పట్టిన రక్తం కిలోంపావు నుంచి కిలోన్నర. కణాల మధ్య చేరిన నీరు ఇంకో కిలోన్నర. రొమ్ముల బరువు అర కిలోకి కాస్త తక్కువ. ఇవన్నీ పోగా మిగిలిన మూడు, మూడున్నర కిలోలే కొవ్వు. అది కూడా ఊరికే చేరింది కాదు, పాలివ్వడానికి శరీరం ముందుగానే దాచుకున్నది.

కాన్పు రోజున బిడ్డ, మాయ, ఉమ్మనీరు, కొంత రక్తం పోతే ఐదారు కిలోలు తగ్గుతాయి. తర్వాతి వారం పది రోజుల్లో ఒంట్లో చేరిన నీరు మూత్రంగానూ, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమటగానూ బయటికి పోతుంది. సిజేరియన్ అయి సెలైన్లు ఎక్కిన వాళ్లకు మొదటి రోజుల్లో కాళ్ల వాపు పెరుగుతుంది కూడా, దానికి కంగారు పడక్కర్లేదు. వారం దాటాక కూడా గర్భసంచి అర కిలో దగ్గర్లోనే ఉంటుంది. అది 60, 70 గ్రాములకు దిగడానికి ఆరు వారాలు కావాలి. పాలు పట్టేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి అది ముడుచుకుంటున్న నొప్పే. మా చెల్లి 5 కిలోల్లో ఉన్నవి ఇవే: ఇంకా ముడుచుకోని గర్భసంచి, పాలతో బరువెక్కిన రొమ్ములు, కాస్త నీరు, దాచుకున్న కొవ్వు.

మరి పొట్ట ఎందుకు అలా ఉంటుంది? పొట్ట ముందు భాగంలో పైనుంచి కిందికి రెండు పొడవాటి కండరాలు ఉంటాయి. వాటిని కలిపే పొర బిడ్డ పెరిగేకొద్దీ సాగి, తొమ్మిదో నెలకల్లా దాదాపు ప్రతి తల్లిలోనూ ఆ రెండూ ఎడంగా జరుగుతాయి. కాన్పయ్యాక మెల్లగా దగ్గరవుతాయి. కొందరిలో ఏడాది గడిచినా పూర్తిగా కలవవు. నడుముకి గుడ్డ కట్టుకుంటే ఊతంగా ఉంటుంది, సిజేరియన్ కుట్ల నొప్పి తగ్గుతుంది. అంతేగానీ కొవ్వు కరగదు. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడంతా కిందికి, మూత్రసంచిని మోసే కండరాల మీద పడుతుంది.

ఇక నీళ్ల సంగతి. తల్లిపాలలో వందకు 87 పాళ్లు నీళ్లే. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. నీళ్లు తగ్గిస్తే పొట్ట తగ్గదు. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, కుట్లున్న మనిషికి అది నరకం. పథ్యంలో మంచి లేదని నేననను. నూనె రాసి వేడినీళ్లు పోయడం, బాలింతకు పని చెప్పకపోవడం, కూర్చున్న చోటికి వేడివేడి అన్నం తెచ్చిపెట్టడం, ఇవన్నీ ప్రేమతో చేసేవి. కానీ కూరలూ పళ్లూ మానిపించి, తెల్లన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి వేసి మూడు పూటలా పెడితే ఏమవుతుంది? ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే 135 కేలరీలుంటాయి. బరువు పెరుగుతుంది గానీ రక్తం పెరగదు. బీరకాయ, ఆకుకూర, పప్పు, గుడ్డు ఏవీ పాలిచ్చే తల్లికి పడనివి కావు. పైగా కాలం మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ అయిన మనిషి రోజంతా మంచం దిగకుండా పడుకుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఈ లెక్క ఏడో నెలలోనే తెలిస్తే ఇంకా మంచిది. ఆ నెలల్లో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "ఇద్దరి కోసం తిను". రెండోది "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది". రెండూ పూర్తిగా నిజం కావు. గర్భిణికి రోజూ అదనంగా కావలసింది 350 కేలరీలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో అది 600 అవుతుంది. ఇక కడుపు మాడ్చుకుంటే చివరి నెలల్లో వారానికి దాదాపు 200 గ్రాములు పెరగాల్సిన బిడ్డ నష్టపోతుంది.

ఎంత పెరగాలన్నది మొదట ఎంత ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 2009లో అమెరికా నిపుణులు ఇచ్చిన సూచనల ప్రకారం అది 18.5 కంటే తక్కువుంటే పన్నెండున్నర నుంచి 18 కిలోలు పెరగొచ్చు. 25 లోపుంటే పదకొండున్నర నుంచి 16, ముప్పై లోపుంటే 7 నుంచి పదకొండున్నర, ఆ పైన 5 నుంచి 9. మన దగ్గర మామూలు బరువున్న తల్లికి 10 నుంచి 12 కిలోలు చాలంటారు. పక్కింటి అమ్మాయి ఎంత పెరిగిందో అడిగి టెన్షన్ పడడం అనవసరం.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకండి. వారంలో కిలోకి మించి బరువు పెరిగి, ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అది తిండి వల్ల కాదు. బీపీ 140/90 దాటిందేమో వెంటనే చూపించుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లకు ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం ఇలాగే మొదలవుతుంది.

కాన్పు తర్వాత తొందర వద్దు. 2000లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, బరువు ఎక్కువున్న పాలిచ్చే తల్లులు నాలుగో వారం తర్వాత వారానికి అర కిలో చొప్పున తగ్గినా బిడ్డల ఎదుగుదల తగ్గలేదు. పాలిస్తే బరువు దానంతటదే తగ్గిపోతుందన్న మాట అందరి విషయంలో నిజం కాదు, ఆకలి కూడా పెరుగుతుంది కాబట్టి. నిద్ర సంగతి అంతకంటే ముఖ్యం. ఆరో నెలలోనూ రోజుకు ఐదు గంటలే పడుకున్న తల్లుల్లో ఏడాది తర్వాత కూడా 5 కిలోలు ఒంటి మీదే మిగిలిపోయే అవకాశం చాలా ఎక్కువని 2008లో అక్కడే గమనించారు. రాత్రి ఒక్కసారైనా తండ్రో అమ్మమ్మో బిడ్డను ఎత్తుకుంటే బాలింతకు అదే పెద్ద వైద్యం.

ఇదంతా అందం కోసం చెప్పడం లేదు. స్వీడన్‌లో లక్షన్నర మంది తల్లులను గమనిస్తే, మొదటి కాన్పుకీ రెండో దానికీ మధ్య బరువు బాగా పెరిగిన వాళ్లలో రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ ఎక్కువగా కనిపించాయి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వాళ్లకు తర్వాత అసలు షుగర్ జబ్బు వచ్చే ముప్పు ఏడు రెట్లకు పైమాటే. కాన్పవగానే షుగర్ మామూలుకొచ్చిందని వాళ్లలో చాలామంది మళ్లీ పరీక్షకే వెళ్లరు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత రక్తం ఇచ్చే ఆ పరీక్ష ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య చేయించుకోవాలి. బిడ్డకు టీకాలు వేసేదీ ఆరో వారంలోనే. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తారు, తల్లి ఆ రోజు పరగడుపున వెళ్తే ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయి.