వేప్ లొల్లిలో ఎవ్వరూ చూడని సీసా: కథ 2019లోనే పక్కకు పోయింది

మళ్ళీ మొదలైంది వేప్, అంటే ఈ-సిగరెట్ పంచాయితీ. 2025 డిసెంబర్‌లో లోక్‌సభలోనే ఒక ఎంపీ ఈ-సిగరెట్ పీలుస్తున్నడని ఇంకో ఎంపీ లేచి స్పీకర్‌కు చెప్పిండు, అప్పటిసంది నిషేధం ఉన్నదా లేదా, తాగినోని మీద కేసు అయితదా కాదా అని టీవీలల్ల, వాట్సాప్ గ్రూపులల్ల ఒకటే లొల్లి. నల్లగొండ, పాలమూరు దిక్కు రూముల్లో ఉండే పోరగాళ్ల ముచ్చట జర వేరే. పరికరం ఎట్లనో ఒకట్ల చేతికొస్తది, అందులో పోసే లిక్విడ్, అంటే గ్లిజరిన్‌లో నికోటిన్, ఫ్లేవర్ కలిపిన ద్రవం మాత్రం దొరకది, దొరికినా దొంగచాటు రేటు, అందుకని ఇంట్లనే కలుపుకుంటం అనేటోళ్లు తయారైన్రు.

ఈ-సిగరెట్ ఎవడు కనిపెట్టిండు, మన దేశంలకు ఎట్లొచ్చింది అన్నది అందరికీ తెలిసిందే, దాన్ని ఇడిచిపెడ్త. నన్నడిగితే ఇయ్యాలటి గందరగోళం మొత్తం 2019 ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా గడిచిన ఆ నాలుగైదు నెలల్లోనే ఉన్నది.

ఆ ఆగస్టులో అమెరికాలో మంచిగున్న పడుచుపోరలు ఊపిరాడక ఆసుపత్రుల్లో పడుడు మొదలైంది. 2020 ఫిబ్రవరికి లెక్క 2,807 కేసులు, 68 చావులు. మన పేపర్లకు వచ్చిన వార్త మాత్రం ఒక్కటే, వేప్ తాగితే చస్తరు. సెప్టెంబర్ 18న నిర్మలా సీతారామన్ ప్రెస్ మీట్ పెట్టి నిషేధం అని చెప్పింది, ఆర్డినెన్స్ వచ్చింది. నవంబర్ మొదట్ల అమెరికా రోగాల నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లు అసలు సంగతి పట్టుకున్నరు. 29 మంది రోగుల ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్లు పరీక్ష చేస్తే 29 మందిలోనూ విటమిన్ ఇ అసిటేట్ ఉన్నది. వాళ్లు పీల్చిన సరుకులకు అది ఎట్లొచ్చిందంటే, వేప్‌లల్ల పోసే గంజాయి నూనె దొంగతనంగా అమ్మేటోళ్లు సరుకు పెంచుకోనీకి కలిపిన్రు, రంగు అదే, చిక్కదనం అదే, చూసినోనికి తేడా తెల్వది. విటమిన్ ఇ గోలీ మింగితే ఏం కాదు, మొఖానికి రాసుకున్నా ఏం కాదు, వేడి చేసి పీలిస్తే ఊపిరితిత్తులు ఖరాబయినయ్. అంటే ఆ చావుల జాడ తీసుకుంట పోతే కలుపుడు కాడికి చేరింది.

మన బిల్లు లోక్‌సభలో పాసయ్యేసరికి నవంబర్ ఆఖరు, ఈ రిపోర్టు అప్పటికే బయట ఉన్నది. అయినా డిసెంబర్‌లో వచ్చిన చట్టం పరికరాన్నే పట్టుకుని కూసున్నది. ఈ-సిగరెట్ అంటే పదార్థాన్ని వేడి చేసి పీల్చుకునేటట్టు చేసే ఎలక్ట్రానిక్ పరికరం, అండ్ల నికోటిన్ ఉన్నా లేకున్నా సరే, ఇది నిర్వచనం. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ బంద్. నిల్వ కాకుండ మిగతావాటికి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. మళ్ళీ దొరికితే మూడేండ్లు, 5 లక్షల దాకా. తాగుడు అన్న మాట ఆ లిస్టులో లేదు, లిక్విడ్ అన్న మాట నిర్వచనంలో విడిగా లేదు. పరికరాన్ని గానీ దాని భాగాన్ని గానీ చేస్తే తయారీ కిందికి వస్తది అని మాత్రం ఉన్నది. మరి రూములో సిరంజి పట్టుకుని కలిపేటోడు భాగం తయారు చేస్తున్నట్టా? అసలు లడాయి ఇదే.

కలుపుకునేటోళ్లు చెప్పేది ఇదీ. సిగరెట్‌లో ఉండే తారు ఇండ్ల లేదు, నికోటిన్ బలం మిల్లీలీటర్‌కు 12 మిల్లీగ్రాముల నుంచి 6కు, 6 నుంచి 3కు తగ్గించుకుంట పోతం, 95 శాతం తక్కువ హాని అని 2015లో ఇంగ్లాండ్ ప్రజారోగ్య శాఖనే అన్నది కదా అని. అన్నది నిజమే. అది అక్కడ దుకాణంలో దొరికే సరుకు గురించి, మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాములు దాటొద్దు, సీసా 10 మిల్లీలీటర్లు దాటొద్దు, ఏమేం కలిపిన్రో ముందే రాసియ్యాలె అని 2016లో రూల్ పెట్టుకున్న దేశం గురించి.

మన దిక్కు ఏమున్నది? లెక్క చూడున్రి. గాఢమైన నికోటిన్ మిల్లీలీటర్‌కు 100 మిల్లీగ్రాములది అనుకుందాం. 60 మిల్లీలీటర్ల సీసాను 3 బలానికి తేవాలంటే అండ్ల పడాల్సింది 1.8 మిల్లీలీటర్లే. ఒక్క మిల్లీలీటర్ ఎక్కువ పడితే బలం నాలుగున్నర దాటుతది, 1.8 మధ్యల చుక్క చూడక 18 పోస్తే 30 అయితది, పదింతలు. సిరంజితోని కొలిచేటోడు ఒకడు, కిరాణం త్రాసు మీద తూచేటోడు ఒకడు, గ్లిజరిన్ ఏమో చిక్కటిది, 10 మిల్లీలీటర్లు తూచితే పన్నెండున్నర గ్రాములు దాటుతది, ఒకని లెక్క ఇంకొకడు తీసుకున్నడంటే అక్కన్నే దెబ్బ పడ్తది. ఇదంతా సీసా మీద రాసిన 100 నిజమైతేనే, దొంగచాటుగ వచ్చిన సీసా మీద ఏం రాసున్నా నమ్మాల్సిందే, ఇంట్ల పరీక్ష చేసే సాధనం లేదు.

చేన్ల పేనుబంకకు పొగాకు కషాయం కొడ్తరు కదా, అండ్ల పురుగును చంపేది ఈ నికోటినే. చేతి మీద పడితే చర్మం నుంచే ఒంట్లకు పోతది, వాంతులు, చెమటలు, గుండెదడ. మెడికల్ షాపుల చీటీ లేకుండ ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది, 4ది కావాల్నంటే డాక్టర్ చీటీ అడుగుతరు. ఆ 100 బలం సీసా 10 మిల్లీలీటర్లదైనా అండ్ల 500 గమ్ముల సరుకు ఉన్నట్టు లెక్క, అది కూల్ డ్రింకుల పక్కన ఫ్రిజ్‌లో పెడ్తరు, చల్లగుంటే పాడుకాదని, ఆ ఇంట్ల చిన్నపిల్లలుంటే ఇగ చెప్పేదేమున్నది.

ఫ్లేవర్ కత ఇంకోటి. బేకరీ సామాను దుకాణంలో బటర్‌స్కాచ్, పైనాపిల్, వెనీలా ఎసెన్సులు అగ్గువకు దొరుకుతయ్, కేకులో వేసేదే కదా అని రెండు చుక్కలు వేస్తరు. నూనె కలిసిన ఎసెన్స్ అయితే గ్లిజరిన్‌లో కరగది, పైకి తేలుతది, ఆ నూనె ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియా లాంటి రోగం. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ సంగతి 2000లోనే బయటపడ్డది, అమెరికాలో మిస్సోరి రాష్ట్రంల పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన 8 మందికి ఊపిరితిత్తుల సన్న గొట్టాలు మచ్చలు పడి మూసుకపోయినయ్. ఆ రోగం తినుడుతోని రాలే, ఆవిరి పీల్చుడుతోని వచ్చింది.

ఇగ గ్లిజరిన్‌తోని పాటు లిక్విడ్‌ల పోసే ప్రొపైలిన్ గ్లైకాల్. మందులకు వాడేది వేరు, ఫ్యాక్టరీ డ్రమ్ముల్ల వచ్చేది వేరు, కల్తీ అయితే డైఎథిలిన్ గ్లైకాల్ ఉంటది, కిడ్నీలు పోతయ్. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో ఈ విషం కలిసిన గ్లిజరిన్‌తోనే 14 మంది పోయిన్రు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు పోయిన్రు, కోల్డ్‌రిఫ్ అనే ఆ సిరప్‌లో 48.6 శాతం డైఎథిలిన్ గ్లైకాల్ తేలింది. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ-సిగరెట్లను పరీక్షకు పెడితే ఒక కార్ట్రిడ్జ్‌లో ఇదే విషం సుమారు 1 శాతం దొరికింది. లైసెన్స్ ఉన్న మందుల కంపెనీనే తప్పు డ్రమ్ము దించుకుంటే, రూములో ఉన్న పోరడు ఏం చూసి గుర్తుపడ్తడు? రంగు లేదు, వాసన లేదు, పైంగ తియ్యగుంటది.

అంచనాతోని కలుపుడు మనకు కొత్త కాదు. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముడు, ఆ మందు పడని రోజు తాగెటోళ్లు ఫిట్స్‌తోని ఆసుపత్రికి ఉరుకుడు పాలమూరు, నల్లగొండోళ్లు కండ్లార చూసిన్రు. అక్కడ కలిపెటోడు, తాగెటోడు వేరే వేరే, కేసు ఎవని మీదనో తెలుసు. ఇక్కడ ఇద్దరూ ఒక్కడే.

అందుకే పోలీసోళ్లకు కూడ తికమక. ఈ చట్టం కింద ఎస్సై సోదా చేయొచ్చు, సరుకు పట్టుకోవచ్చు. సంచులకొద్ది పరికరాలు దొరికితే కేసు సాఫ్‌గ ఉంటది, ఫొటో కూడ మంచిగొస్తది. రూములో దొరికేది ఒక గ్లిజరిన్ సీసా, ఒక ఎసెన్స్ సీసా, నాలుగు సిరంజిలు, పేరు లేని చిన్న సీసా ఒకటి. మొదటి మూడూ ఊర్ల దుకాణాలల్ల బిల్లు పెట్టి కొన్నవే. నాలుగోదాన్ల నికోటిన్ ఎంతున్నదో ల్యాబ్ చెప్తది గనీ, అది ఈ-సిగరెట్ భాగమా కాదా అని ల్యాబ్ చెప్పలేదు, కోర్టు చెప్పాలె. మధ్యల రూము ఓనర్లకు బుగులు. ఈ-సిగరెట్ల నిల్వకు తెలిసి జాగ ఇస్తే ఆరు నెలల జైలు గానీ 50 వేల జరిమానా గానీ రెండూ గానీ ఉన్నయ్ కాబట్టి, కిరాయి పోరని ఫ్రిజ్‌లో పేరు లేని సీసా కనపడితే ఖాళీ చేయి అంటున్నరు. చేసినోడు ఇంకో రూముకు పోతడు, సీసా గూడ వానితోనే పోతది.